ఒకే 'కౌంట్'కి మూడు అర్థాలు: పాత కోడుని చదవగలిగేలా ఎక్కడ నుంచి మొదలుపెట్టాలండీ?

రొయ్యలచెరువు_గట్టు
భీమవరం పక్కన రొయ్యలు కొనే ఆఫీసులో బిల్లింగ్ ప్రోగ్రాం చూసుకుంటున్నాను. పైథాన్‌లో ఉంది. నాకంటే ముందు ముగ్గురు చెయ్యి పెట్టారు. పోయిన నెల జరిగింది చెప్తాను, దాన్నిబట్టి సలహా ఇవ్వండి.

రొయ్య సంగతి తెలియనివాళ్ళ కోసం: చెరువు గట్టు మీద ఒక కిలో తూచి ఎన్ని పడ్డాయో లెక్కపెడతారు. 40 పడితే అది 40 కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. మా కోడులో 'కౌంట్' అని ఒక వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ఉంది. ఒకచోట అది ఈ కౌంటే. ఇంకోచోట ట్రేలు ఎన్నో చెప్పే అంకె. మూడోచోట డేటాబేస్ నుంచి ఎన్ని వరసలు వచ్చాయో ఆ అంకె. మూడూ ఒకే ఫంక్షన్‌లో (ఒక పేరు కింద కట్టిన కోడు ముక్కలో), 700 లైన్లు. ఆ ఫంక్షన్ పేరు 'క్యాల్క్2'. 'క్యాల్క్1' ఎక్కడా లేదు.

కొత్తగా చేరిన కుర్రాడికి ట్రే బరువు తీసేసే పని అప్పజెప్పాం. ట్రేకి 2 కిలోలు. మొత్తం బరువులోంచి 'కౌంట్ ఇంటూ 2' తీసేశాడు. అక్కడ కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలో అని వాడికి తెలిసే దారే లేదు. వచ్చింది 18 ట్రేలు, 40 కౌంటు సరుకు. 36 కిలోలు పోవాల్సిన చోట 80 పోయాయి. 44 కిలోల రొయ్యకి రైతుకి డబ్బు తక్కువ పడింది. మేం పరీక్షకి వాడిన బిల్లులో కౌంటూ 50, ట్రేలూ 50. ఇంకెలా దొరుకుతుంది?

ఆ రైతు చేతిపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఆ లైను మీద వేలు ఆనించి చూపించాడు. అరవలేదు. 'ఇంకోసారి కూడండి బాబూ' అన్నాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డబ్బు మర్నాడే ఇచ్చేశాం, ఆ ఒక్క లైనూ దిద్దాం. మరి ఈ కోడుని ఏం చెయ్యాలి? 'నడుస్తోంది కదా, కదపకండి' అంటున్నారు ఓనరు గారు.

పాలకొల్లు_పైథాన్
ముందు 'బ్లాక్' అనే కోడు సర్దే పనిముట్టు రన్ చెయ్యండి ఫైలు మొత్తం మీద. పెప్ 8 (పైథాన్ కోడు ఎలా రాయాలో చెప్పే నియమాలు) ఉన్నదే అందుకు. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

తణుకు_టెస్టర్
@పాలకొల్లు, ఆయన కథ మళ్ళీ చదవండి. బ్లాక్ ఖాళీలు సర్దుతుంది, లైను 88 అక్షరాలు దాటకుండా విరుస్తుంది, కోట్స్ అన్నీ ఒకలా చేస్తుంది. 'కౌంట్' పేరు దానికి కనపడదు. 44 కిలోలు పోయింది పేరు వల్ల. నాలుగు స్పేసులు సరిగ్గా పెట్టిన కోడులో కూడా ఆ 44 కిలోలు అలాగే పోతాయి.

పాలకొల్లు_పైథాన్
ఒప్పుకుంటాను. కానీ చిందరవందరగా ఉన్న 700 లైన్లలో తప్పుడు పేరు ఎక్కడుందో కంటికి ఆనదు కదండీ. ఇల్లు ఊడ్చాకే కదా ఉంగరం దొరికేది.

లంకలో_లైనక్స్
నేనైతే ఒక్క పని చేస్తాను: పేర్లలో కొలత పెట్టడం. 'బరువు' అనకుండా 'బరువు_కిలోల్లో'. 'కౌంట్' అనకుండా 'కిలోకి_రొయ్యలు'. ట్రేలకి 'ట్రేల_సంఖ్య'. 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాసా వాళ్ళ క్లైమేట్ ఆర్బిటర్ నౌక పోయింది ఇందుకే. ఒక ప్రోగ్రాం పౌండ్-సెకన్లలో అంకె ఇచ్చింది, రెండోది దాన్ని న్యూటన్-సెకన్లు అనుకుంది. అంకె పక్కన కొలత లేకపోతే ఎంత పెద్దవాళ్ళకైనా అంతే.

మండపేట_మిల్లు
@లంకలో చెప్పింది మా దగ్గర రోజూ చూస్తాం. మాది ధాన్యం. రైతు బస్తా అంటే 75 కిలోలు. కొనుగోలు కేంద్రంలో గోనె 40 కిలోలు. కోడులో ఉన్నది మాత్రం 'బస్తాలు' అని ఒక్కటే మాట. 100 బస్తాలంటే 75 క్వింటాళ్ళా, 40 క్వింటాళ్ళా?

ఇంకోటి కూడా చెప్తాను. 2024-25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2300. 75 కిలోల బస్తాకి 1725 పడుతుంది. ఎవరో పుణ్యాత్ముడు 1725 అని నేరుగా మూడు ఫైళ్ళలో రాసి పెట్టాడు. మరుసటి ఏడు ధర 2369 అయింది, అంటే బస్తాకి 1776.75. 2300 కోసం వెతికితే ఎక్కడా దొరకలేదు. దొరకదు, ఎందుకంటే అక్కడున్నది 1725! రెండు ఫైళ్ళు కష్టపడి పట్టుకున్నాం. మూడోది రైతుకి వెళ్ళే మెసేజ్‌లో ఉండిపోయింది. బిల్లులో ఒక ధర, ఫోనులో ఒక ధర. పొద్దున్నే గేటు దగ్గర ఎంతమంది నిలబడ్డారో నాకే తెలుసు.

ఇప్పుడు ఒకేచోట 'మద్దతు_ధర_క్వింటాకి' ఉంది, 'బస్తా_కిలోలు' ఉంది, బస్తా ధర వాటిలోంచి లెక్క కడుతుంది. ఏటా మార్చేది ఒక్క లైనే.

ధవళేశ్వరం_డేటా
ఇది కాలేజీ ప్రాజెక్టుల్లో కూడా చూస్తుంటాను. వరద హెచ్చరిక యాప్ చేస్తారు పిల్లలు. కోడు తెరిస్తే 11.75, 13.75, 17.75 అని అంకెలు అలా పడేసి ఉంటాయి. మన గోదారోళ్ళకి అవేంటో నిద్రలో లేపి అడిగినా తెలుసు: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఒకటి, రెండు, మూడు ప్రమాద హెచ్చరికల అడుగులు. కానీ బెంగళూరులో కూర్చుని ఆ కోడు చూసేవాడికి? భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. రెండు ఊళ్ళ అంకెలూ ఒకే ఇఫ్ (ఇలా అయితే అనే షరతు) గొలుసులో కలిపేసిన ప్రాజెక్టు ఒకటి నేను స్వయంగా చూశాను. అంకెకి పేరు పెట్టమని నేను వాళ్ళకి పదిసార్లు చెప్తాను. 'ధవళేశ్వరం_మొదటి_హెచ్చరిక_అడుగులు' పేరు పొడుగే. పొడుగైతే ఏం, ఊపిరాడకుండా పోతామా?

సెమీకోలన్_శేషు
అంత పొడుగు పేరు పెడితే పెప్ 8 చెప్పే 79 అక్షరాల్లో లైను ఎలా ఇముడుతుందండీ :)

లంకలో_లైనక్స్
79 గొడవ మొదలైంది, ఇక రాత్రంతా కూర్చోవచ్చు.

గట్టుమీద_పెద్దాయన
ఆ 79 ఎక్కడిదో చెప్తాను, శేషు గారూ. 1928లో ఐబీఎం పంచ్ కార్డుకి 80 నిలువు వరసలు పెట్టారు. తర్వాత వచ్చిన టెర్మినళ్ళు కూడా 80 పట్టుకున్నాయి. పెప్ 8 వచ్చింది 2001లో. అందులో కోడుకి 79, కామెంట్లకి 72. జట్టంతా ఒప్పుకుంటే 99 దాకా వెళ్ళొచ్చని కూడా ఉంది. లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టం గుండెకాయ లాంటి కోడు) వాళ్ళ చెకింగ్ స్క్రిప్టు కూడా 2020లో 80ని 100 చేసింది. కాబట్టి అది రాతి మీద గీత కాదు.

ఇంకో మాట. పాత కోడులో పొట్టి పేర్లు చూసి ఇక్కడ చాలామంది విసుక్కుంటున్నారు. మేం ఫాక్స్‌ప్రోలో (పాత డేటాబేస్ ప్రోగ్రాం) రాసే రోజుల్లో దాని డీబీఎఫ్ టేబుల్‌లో ఫీల్డు పేరు 10 అక్షరాలు దాటనిచ్చేది కాదు. 'ఎన్‌టీడబ్ల్యూటీ' అని నికర బరువుకి పెట్టామంటే బద్ధకంతో కాదు, చోటు లేక. ఆ టేబుళ్ళే తర్వాత కొత్త డేటాబేసుల్లోకి ఎక్కాయి, పేర్లు అలాగే దిగాయి. రొయ్యలచెరువు గారి కోడులో ఆ మూడు 'కౌంట్'లు రాసిన మనుషులు కూడా సీజన్లో రాత్రి రెండింటికి, లారీ గేటు దగ్గర ఆగి ఉండగా రాసి ఉంటారు. వాళ్ళని తిట్టకుండా సరిచెయ్యండి. రేపు మీ కోడుని ఇంకొకరు సరిచేస్తారు.

రొయ్యలచెరువు_గట్టు
తిట్టను పెద్దాయన గారూ. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ ఫోనెత్తి ఓపిగ్గా చెప్తారు. అర్ధరాత్రి మీద మీ ఊహ నిజమే, ఆ ఫైలు కమిట్లు (మార్పుల్ని దాచిన నమోదులు) చాలావరకు 1 గంటకీ 3 గంటలకీ మధ్యే ఉన్నాయి.

అమలాపురం_అమ్మాజీ
'నడుస్తోంది కదా' అనేవాళ్ళకి నా అనుభవం చెప్పండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మా ఊరు తూర్పుగోదావరి నుంచి కోనసీమకి వచ్చింది, భీమవరం పశ్చిమగోదావరికి కేంద్రం అయింది. నేనప్పుడు పనిచేసే చోట ఒక ఫారం యాప్ ఉండేది. జిల్లాల పేర్లు 13 వరసలో ఒక లిస్టు. అదైతే ఒక్కచోటే ఉంది, బాగుంది. కానీ మిగతా కోడంతా ఆ లిస్టులో స్థానాన్ని పట్టుకుని నడిచేది. 'జిల్లా ఈక్వల్స్ 3 అయితే ఇలా, 4 అయితే అలా'. 3 అంటే ఏ జిల్లా? లిస్టు తెరిచి వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అది కూడా సున్నా నుంచి!

కొత్త పేర్లు మధ్యలో పెట్టగానే అన్ని స్థానాలూ జరిగిపోయాయి. కాకినాడవాళ్ళ అర్జీలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ఇద్దరం కూర్చుని పదకొండు రోజులు 3, 4, 5 అంకెలు వేటాడాం. ప్రతి 3నీ ఆపి 'నువ్వు జిల్లావా, ఇంకేమన్నానా' అని అడగడమే. అక్కడ '3' బదులు 'తూర్పు_గోదావరి' అని ఉంటే ఒక్క పూట పని.

నడిచే కోడు కూడా ఏదో ఒకరోజు మారాలి. మార్చేవాడికి అది చదవడం రావాలి.

సెమీకోలన్_శేషు
పదకొండు రోజులా! పాపం. అమ్మాజీ గారి కోసం ఆత్రేయపురం నుంచి పూతరేకులు పంపించాలి ఎవరైనా.

అమలాపురం_అమ్మాజీ
బెల్లంవి పంపండి. పూతరేకులంటే గుర్తొచ్చింది, ఆ యాప్‌లో ఇఫ్ లోపల ఇఫ్ ఏడు పొరలు ఉండేవి.

లంకలో_లైనక్స్
కెర్నల్ స్టైల్ గైడ్‌లో ట్యాబ్ (ఒక్కో పొరకి లైను ముందు వదిలే ఖాళీ) వెడల్పు 8 పెట్టింది అందుకే. మూడు పొరలు దాటితే కోడు కుడివైపు గోడకి కొట్టుకుంటుంది, అప్పుడైనా ఫంక్షన్ విడగొడతారని. పై నుంచే తప్పు కేసులు తోసేస్తే పొరలు వాటంతటవే తగ్గుతాయి: ట్రేలు సున్నా అయితే వెనక్కి, బరువు లేకపోతే వెనక్కి, ఆ తర్వాత అసలు లెక్క ఎడమ అంచున హాయిగా సాగుతుంది.

కాలవగట్టు_గో
మా 'గో' భాషలో ఈ తగాదాలే లేవు. కోడు సర్దే గోఫ్మ్ట్ ఎలా చెప్తే అలా. ట్యాబులే, ఎవరి ఇష్టమూ నడవదు. మొదట్లో నాకు నచ్చలేదు, రెండు నెలలకి మర్చిపోయాను. రివ్యూలో (మన కోడుని ఇంకొకరు చూసేటప్పుడు) ఖాళీల మీద ఒక్క కామెంటు రాదు. ఆ టైమంతా లెక్క సరిగ్గా ఉందా లేదా అని చూడ్డానికి మిగుల్తుంది.

పాలకొల్లు_పైథాన్
నేను మొదట్లో చెప్పిందీ అదే కదండీ!

తణుకు_టెస్టర్
ఆయ్, మీరు చెప్పింది తప్పని కాదు, వరస తప్పు. రొయ్యలచెరువు గారూ, మీరు కోడు ముట్టుకోకముందు ఇది చెయ్యండి. పోయిన సీజన్ బిల్లుల్లోంచి ఒక 200 తీయండి. కౌంటూ ట్రేలూ వేరేవేరే ఉన్నవే ఏరండి. ఈ తప్పు పడ్డ పట్టుబడి బిల్లు కూడా అందులో పెట్టండి, సరిచేసిన అంకెతో. ఇప్పటి ప్రోగ్రాంతో వాటన్నిటి జవాబులూ ఒక ఫైల్లో దాచండి. మీరు ఏం మార్చినా ఆ 200 జవాబులూ పైసా తేడా లేకుండా రావాలి. వస్తే ముందుకి, లేకపోతే ఆ మార్పు వెనక్కి. ఓనరు గారికి చూపించాల్సింది కూడా అదే. 'కదపకండి' అనే మనిషి భయం న్యాయమైనదే, ఆ భయానికి జవాబు ఆ ఫైలు.

మండపేట_మిల్లు
తణుకు గారి మాట బంగారం. ఇంకోటి, ఫార్మాటింగ్ (ఖాళీలు, లైన్లు సర్దడం) కమిట్ వేరుగా, పేర్ల కమిట్ వేరుగా, లెక్క మార్చిన కమిట్ వేరుగా పెట్టండి. మూడూ కలిపేస్తే రివ్యూ చేసేవాడికి 700 లైన్లూ మారినట్టు ఎర్రగా పచ్చగా కనపడి, మధ్యలో మారిన ఒక్క ప్లస్ గుర్తు కనపడదు.

సెమీకోలన్_శేషు
ఫైలంతా ఫార్మాట్ చేస్తే గిట్ (మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) బ్లేమ్‌లో ప్రతి లైనూ మన పేరు మీదే పడుతుంది కదా? ఏ లైను ఎవరు, ఎందుకు రాశారో ఆ చరిత్ర పోతుందని నేనెప్పుడూ వద్దంటాను.

కాలవగట్టు_గో
పోదండీ. ఆ ఫార్మాటింగ్ కమిట్ నంబర్లు ఒక ఫైల్లో రాసి, బ్లేమ్‌లో వాటిని పక్కనపెట్టమని గిట్‌కి చెప్పొచ్చు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఉంది. కమిట్లు విడివిడిగా ఉండాలని మిల్లు గారు అన్నది దీనికీ పనికొస్తుంది.

సెమీకోలన్_శేషు
ఇది నాకు తెలియదు. రేపే పెడతాను.

నరసాపురం_సీ
ఫార్మాటింగ్‌ని మరీ చిన్నచూపు చూడకండి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో బయటపడ్డ తప్పు గుర్తుందా? ఇఫ్ కింద 'గోటూ ఫెయిల్' (నేరుగా చివరికి దూకమనే) లైను రెండుసార్లు పడింది. బ్రేసులు (ఇఫ్ కింద ఏ లైన్లు వస్తాయో చుట్టి చూపే బ్రాకెట్లు) లేవు. రెండోదీ లోపలికి జరిపే ఉంది కాబట్టి ఇఫ్ కిందదే అనిపిస్తుంది, కానీ అది ప్రతిసారీ నడిచేది. దాంతో తర్వాత జరగాల్సిన సంతకం పరీక్ష జరగకుండానే కనెక్షన్ మంచిదే అని తేల్చేసేది. కంటికి కనిపించే ఆకారం ఒకటి, కంపైలర్ చదివేది ఒకటి. ఒక్క లైనైనా సరే బ్రేసులు పెట్టాలని మా దగ్గర అప్పుడే రూలు పెట్టుకున్నాం.

ధవళేశ్వరం_డేటా
ఖాళీ లైన్ల మీద నాదొక మాట. వరి నాట్లలో ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు. ఆ జాగా వృథా అని మా నాన్నగారు మొదట్లో వదిలేవారు కాదు. తర్వాత మందు కొట్టడానికి, గాలీ వెలుతురూ తగలడానికి అదే దిక్కయింది. కోడులో కూడా ఒక పని అయ్యాక ఒక ఖాళీ లైను. బరువు లెక్క అయింది, కాలిబాట. తగ్గింపులు అయ్యాయి, కాలిబాట. లైను లైనుకీ మధ్య వదిలితే అది చేను కాదు, బీడు.

లంకలో_లైనక్స్
దీన్ని మా జట్టు గోడ మీద రాయిస్తాను.

కోనసీమ_క్లాస్
పేర్ల కంటే గట్టి దారి ఉంది. 'కిలోకి రొయ్యలు' ఒక టైపు (విలువ రకం), 'ట్రేలు' ఒక టైపుగా పెడితే ఒకదాని చోట ఇంకోటి వాడగానే టైపుల్ని సరిచూసే చెకర్ అరుస్తుంది. మనిషి జాగ్రత్త మీద ఆధారపడక్కర్లేదు.

మండపేట_మిల్లు
ఇద్దరు పనిచేసే ఆఫీసుకి అంత ఎందుకండీ? కొత్త కుర్రాడు ముందు ఆ టైపుల్ని అర్థం చేసుకోవాలి.

కోనసీమ_క్లాస్
ఇద్దరే ఉన్నారు కాబట్టే. రివ్యూకి మూడో కన్ను లేదు కదా. సరే, పేర్ల తర్వాతే చెయ్యమనండి, నాకు అభ్యంతరం లేదు.

అమలాపురం_అమ్మాజీ
నాకెప్పుడూ తేలని ప్రశ్న ఒకటి అడుగుతాను. మన మాటల్ని ఇంగ్లీషు చెయ్యాలా? 'తరుగు'ని 'డిడక్షన్' అన్నామనుకోండి. తేమకి తీసేదీ డిడక్షనే, హమాలీ డిడక్షనే, అడ్వాన్సు పట్టుకోవడం కూడా డిడక్షనే.

మండపేట_మిల్లు
మేం 'తరుగు', 'హమాలీ', 'కాటా' అన్నీ అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. కాటా దగ్గర మనిషి ఏ మాట అంటాడో కోడులో అదే మాట. ఫోను చేసి 'తరుగు తప్పుపడింది' అంటే నేరుగా ఆ పేరు వెతుకుతాను.

పాలకొల్లు_పైథాన్
పైథాన్ 3లో తెలుగు లిపిలోనే పేరు పెట్టొచ్చు, తెలుసా? నేను ప్రయత్నించాను. కాకపోతే ఒక చిక్కు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు నిలబడడానికి మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం కొడతాం చూడండి, అది పేరులో ఉంటే పైథాన్ ఒప్పుకోదు. తప్పు ఎక్కడుందో చూస్తే ఏమీ కనపడదు! అరగంట తిన్నది. ఇక అందరి కీబోర్డుల్లో తెలుగు ఉండదు కాబట్టి ఆఫీసు కోడులో మిల్లు గారి పద్ధతే మేలు.

నరసాపురం_సీ
స్పెల్లింగ్ మాత్రం ఒక్కటే పెట్టుకోండి. మా దగ్గర 'రొయ్య'ని నాలుగు రకాలుగా రాశారు, ఒక వై, రెండు వైలు, చివర్లో ఏ, ఏ లేకుండా. ఏది వెతికినా సగమే దొరుకుతాయి.

రొయ్యలచెరువు_గట్టు
పదహారు రోజుల తర్వాత వస్తున్నాను. తణుకు గారు చెప్పినట్టే 200 బిల్లులు దాచాం. ఓనరు గారికి ఆ ఫైలు చూపించి, 'ఇందులో ఒక్క పైసా తేడా వచ్చినా పాతదే పెట్టేస్తాం' అంటే సరేనన్నారు. ముందు ఫార్మాటింగ్ ఒక కమిట్. తర్వాత పేర్లు, ఒక్కో 'కౌంట్'కి ఒక్కో కమిట్. మూడో 'కౌంట్' మారుస్తుంటే నాలుగో అర్థం బయటపడింది: రిటర్న్ బిల్లులో అది ఐసు బాక్సుల సంఖ్య. 'క్యాల్క్2' ఇప్పుడు ఆరు ముక్కలు. పేర్లు కుర్రాడి చేతే పెట్టించాను, ఎందుకంటే అవి అర్థం కావాల్సింది వాడికి. తప్పు నాది అని వాడు ఇన్నాళ్ళూ మొహం వేలాడేసుకుని తిరిగాడు. ఇప్పుడు కాస్త కుదుటపడ్డాడు.

మొన్న అదే రైతుది ఇంకో చెరువు పట్టుబడి జరిగింది. పుస్తకం తెచ్చాడు. ఇద్దరం లైను లైనూ చూసుకున్నాం, కలిసింది.

తణుకు_టెస్టర్
చాలా సంతోషం. ట్రే 2 కిలోల సంగతి? దానికి పేరు పెట్టారా?

రొయ్యలచెరువు_గట్టు
పెట్టాం. 'ఖాళీ_ట్రే_బరువు_కిలోల్లో' అని ఫైలు పైనే ఉంది. నిన్న కుర్రాడు స్క్రీన్ మీద దాన్ని పైకి చదువుతుంటే కాటా దగ్గర పనిచేసే ఆయన విన్నాడు. 'ఈ నీలం ట్రేలు కొత్తవి, రెండు కిలోలు ఉండవండి' అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ అంకె కోడు మధ్యలో ఉంది, ఆయన చెవిన పడే దారి లేదు. రేపు పొద్దున్న పది ట్రేలు ఆరబెట్టి తూపిస్తున్నాం.